ఎన్నిసార్లు, ఎంత తరచుగా, మళ్ళీ: క్లింగాన్‌లో ఒకటే పని పదేపదే జరిగితే ఎలా చెబుతారు?

క్లుప్తంగా: ఒక పని ఒకటికంటే ఎక్కువసార్లు జరిగిందని చెప్పడానికి క్లింగాన్‌లో మూడు వేర్వేరు దారులున్నాయి. లెక్క తెలిస్తే అంకెకు "-లోఘ్" తగిలిస్తారు. లెక్క లేకుండా తరచుదనం చెప్పాలంటే విడి క్రియావిశేషణాలు వాడతారు. "మళ్ళీ" అనడానికి క్రియావిశేషణం కాకుండా క్రియకు "-కా'" అనే తోక పెడతారు. కొత్తగా నేర్చుకునేవాళ్ళు ఎక్కువగా పొరపాటు పడేది ఈ మూడింటినీ కలిపేసుకుని. ముఖ్యంగా తెలుగువాళ్ళకు "ఒకసారి", "ఎప్పుడూ", "మళ్ళీ" అనే మూడు మాటలూ మూడు రకాలుగా కాలు అడ్డం పెడతాయి.

ముందు భాష సంగతి

స్టార్ ట్రెక్ కథల్లోని యోధుల జాతి క్లింగాన్లు. 1979లో వచ్చిన మొదటి సినిమాలో వాళ్ళ నోట వినిపించే నాలుగు మాటలు నటుడు జేమ్స్ డూహన్ కూర్చినవి. ఆ నాలుగు మాటల్నీ అసలు భాషగా కట్టింది మార్క్ ఒక్రాండ్. ఆయన భాషాశాస్త్రవేత్త, కాలిఫోర్నియా ఆదివాసీ భాష ముత్సున్ మీద పరిశోధన చేసి డాక్టరేట్ తీసుకున్నాడు. 1984లో వచ్చిన మూడో సినిమా కోసం భాష తయారైంది, 1985లో నిఘంటువు వచ్చింది, 1992లో దానికి అనుబంధం చేరింది. అదే ఏడాది అమెరికాలో క్లింగాన్ లాంగ్వేజ్ ఇన్‌స్టిట్యూట్ మొదలైంది. 2018లో డుయోలింగోలో కోర్సు రావడంతో, సినిమా పెద్దగా చూడనివాళ్ళు కూడా ఫోన్‌లో పాఠాలు మొదలుపెట్టారు.

ఈ వ్యాసంలో క్లింగాన్ మాటలన్నీ తెలుగు లిపిలోనే ఉన్నాయి కాబట్టి ఒక చిన్న హెచ్చరిక. మాట మొదట్లోనో మధ్యలోనో చివరోనో కనిపించే ఒంటి కొమ్ము (') అలంకారం కాదు, అదొక హల్లు. గొంతు ఠక్కున మూసుకుని తెరుచుకునే చప్పుడు. "లోఘ్"లోని "ఘ" మన "ఘంట"లోని "ఘ" కాదు, గొంతులో గరగరలాడించాలి. "హ" కూడా అంతే, గొంతు గీరుకోవాలి. "డ", "ష" మాత్రం నాలుక మడిచి పలికేవి, తెలుగువాళ్ళకు కష్టపడకుండానే వచ్చేస్తాయి. ఇంగ్లిష్‌వాళ్ళు వారాల తరబడి సాధన చేసే "డ" ఇక్కడ ఒకటో తరగతిలోనే అయిపోతుంది.

లెక్క తెలిస్తే: "-లోఘ్"

మూడింటిలో ఇదే తేలిక. ఒకటి "వా'", రెండు "చా'", మూడు "వెజ్", తొమ్మిది "హూత్". వీటి చివర "-లోఘ్" చేరిస్తే వా'లోఘ్ అంటే ఒకసారి, చా'లోఘ్ రెండుసార్లు, వెజ్‌లోఘ్ మూడుసార్లు, హూత్‌లోఘ్ తొమ్మిదిసార్లు. పది "వా'మాహ్" కాబట్టి పదిసార్లు వా'మాహ్‌లోఘ్. తెలుగు "సార్లు"కు అచ్చు గుద్దినట్టు సరిపోతుంది, పైగా ఏకవచనం "సారి", బహువచనం "సార్లు" అన్న తేడా కూడా లేదు.

ఇలా తయారైన మాట వాక్యంలో క్రియావిశేషణంలా పనిచేస్తుందని నిఘంటువు స్పష్టంగా చెబుతుంది. అంటే దాని చోటు వాక్యం మొదట్లో. "కాలెఘ్" అంటే "నిన్ను చూస్తాను". "నేను", "నిన్ను" రెండూ మొదటి "కా-"లోనే ఇమిడి ఉన్నాయి. దాని చివర పని పూర్తయిందని చెప్పే "-పూ'" చేర్చి, ముందు లెక్క పెడితే "చా'లోఘ్ కాలెఘ్‌పూ'", నిన్ను రెండుసార్లు చూశాను. ఆజ్ఞలోనూ ఇదే పద్ధతి. "యికిప్" అంటే "దాన్ని కొట్టు", "వెజ్‌లోఘ్ యికిప్" అంటే మూడు దెబ్బలు వెయ్యి.

వరుస చెప్పే "-డిచ్" వేరే ముక్క. వా'డిచ్ అంటే మొదటి, చా'డిచ్ అంటే రెండో. మామూలు అంకె నామవాచకానికి ముందు వస్తుంది, "-డిచ్" ఉన్న మాట తర్వాత వస్తుంది. అంటే "రెండు రోజులు"లో రెండు ముందుంటుంది, "రెండో రోజు" అనడానికి మాత్రం "రోజు రెండో" అన్న వరుసలో జాజ్ చా'డిచ్ అనాలి. తెలుగులో "రెండుసార్లు", "రెండోసారి" ఒకే చెట్టు కొమ్మలు. క్లింగాన్‌లో ఎన్నిసార్లు అన్నది క్రియ మీద వాలుతుంది, ఎన్నోది అన్నది నామవాచకం వెనకాల నిలబడుతుంది, కాబట్టి "సారి"కి పట్టిన దారిలోనే "ఓ"ని కూడా లాక్కెళ్ళబోతే వాక్యం తిరగబడుతుంది.

ఇక అసలు ఉచ్చు. "ఒకసారి ఇలా రండి", "ఓసారి ఫోన్ ఇవ్వండి", "ఒక్కసారి చూసి చెప్పండి". తెలుగులో ఇవి లెక్కలు కావు. మాట మెత్తబడటానికి వేసే పదం అది, తీసేస్తే వాక్యం దురుసుగా వినిపిస్తుంది, అంతే. దీన్నే "వా'లోఘ్"గా మార్చితే క్లింగాన్‌లో అది అచ్చంగా ఒకటి అనే అంకె. "వా'లోఘ్ యిలెఘ్" అంటే "దయచేసి చూడండి" కాదు, ఒక్కటంటే ఒక్కసారి చూడు, రెండోసారి వద్దు. మర్యాద కోసం పెట్టిన మాట హద్దు గీసే మాట అయిపోతుంది. ఆజ్ఞ అంటే ఆజ్ఞలాగే ఉండాలనుకునే జాతికి దీన్ని మెత్తబరిచే అవసరమే పడలేదనుకోవచ్చు.

ఇంకో చిన్న మెలిక. "వెజ్" అంటే మూడు. అదే "వెజ్" వాక్యం మొదట్లో ఒంటరిగా వస్తే "ఇంకా లేదు" అనే క్రియావిశేషణం. "వెజ్ కాలెఘ్" అంటే "నిన్ను మూడు..." కాదు, "నిన్ను ఇంకా చూడలేదు". క్రియలో లేదు అనే ముక్క ఎక్కడా లేకపోయినా ఆ లేకపోవడం మొత్తం వెజ్‌లోనే ఉంది. "వెజ్‌లోఘ్" అన్నప్పుడు మాత్రం అనుమానం లేదు, మూడుసార్లే. (తెలుగు లిపిలో చూస్తే రెండూ హోటల్ బోర్డులాగే ఉంటాయి, దానికి ఎవరూ ఏం చేయలేరు.)

టైమెంతైంది? ఎన్ని గంటలైంది?

"-లోఘ్" అంకెలకే పరిమితమని నిఘంటువు చదివితే అనిపిస్తుంది. తర్వాత ఒక్రాండ్ స్వయంగా దాన్ని ప్రశ్నపదానికీ తగిలించాడు. "'ఆర్" అంటే ఎంత, ఎన్ని. "'ఆర్‌లోఘ్" అంటే ఎన్నిసార్లు. దీంతో వచ్చిన ప్రసిద్ధమైన వాక్యం "'ఆర్‌లోఘ్ ఖోయ్‌లూ'పూ'?" విడదీస్తే "ఖోయ్" వినడం, "-లూ'" ఎవరో ఒకరు అని కర్తను దాచేసే ముక్క, "-పూ'" పని అయిపోయిందనే గుర్తు. మొత్తం కలిపితే "ఎన్నిసార్లు వినిపించింది?" అని. వాడుకలో దీనర్థం మాత్రం "టైమెంతైంది?"

జవాబు కూడా అదే అచ్చులో. "చా'లోఘ్ ఖోయ్‌లూ'పూ'", అంటే రెండుసార్లు వినిపించింది, అంటే రెండైంది. వినిపించింది ఏమిటో వాక్యంలో ఎక్కడా చెప్పరు.

ఇంగ్లిష్ నుంచి నేర్చుకునేవాళ్ళకు ఈ వాక్యం చిత్రంగా అనిపిస్తుంది, "ఇదేం టైమడగడం" అని. తెలుగువాళ్ళకు మాత్రం అనిపించకూడదు. "ఎన్ని గంటలైంది?" అని రోజుకు పదిసార్లు అడుగుతాం, గుడిలో మోగేదీ గంటే, గోడ గడియారంలో అరవై నిమిషాలూ గంటే. మోగిన చప్పుడును లెక్కపెట్టి పొద్దును కొలిచిన అలవాటు భాషలో అలాగే గట్టిపడిపోయింది, ఇప్పుడు ఫోన్ చూసి చెప్పినా "రెండు గంటలైంది" అనే అంటాం. తేడా ఏమిటంటే తెలుగు మోగే వస్తువు పేరును కాలానికి పెట్టింది, క్లింగాన్ వస్తువును వదిలేసి వినడాన్ని, అది ఎన్నిసార్లు జరిగిందన్న లెక్కను పట్టుకుంది. సార్లను లెక్కపెట్టే ప్రత్యయం టైమ్ చెప్పే సాధనంగా మారడం ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే అందమైన ముక్క.

లెక్క లేకపోతే: తరచుదనపు మాటలు

అంకె వెయ్యలేని చోట విడి క్రియావిశేషణాలున్నాయి. ఎక్కువ నుంచి తక్కువకు పేర్చితే ముందు "రెహ్", ఎల్లప్పుడూ. తర్వాత "పిజ్", తరచుగా. "రూత్", అప్పుడప్పుడు. "పిజ్‌హా'", ఎప్పుడో గానీ జరగనిది. అట్టడుగున "నోత్", ఎన్నడూ లేదు. "పిజ్‌హా'" ఎలా పుట్టిందో గమనిస్తే మిగతావి అర్థమవుతాయి. "-హా'" అసలు క్రియలకు చేరి పనిని తిరగేసే, చెడగొట్టే ముక్క. కొన్ని క్రియావిశేషణాలకూ అది చేరుతుందని 1992 అనుబంధం చెప్పింది. తరచుగా అన్నదాన్ని తిరగేస్తే అరుదుగా అయింది. అయితే ఇది ఇష్టమొచ్చిన ప్రతి మాటకూ అంటించుకునే స్టిక్కర్ కాదు.

ఈ వరుసకు పక్కన మరో రెండున్నాయి, "మోత్ల్", "రోడ్". మోత్ల్ అంటే మామూలుగా, సాధారణంగా. రోడ్ అంటే అలవాటుగా, ఆనవాయితీగా. (తారు రోడ్డుతో ఏ సంబంధమూ లేదు.) వీటి పని ఎన్నిసార్లు అన్నది చెప్పడం కాదు, జరగడంలో ఒక పద్ధతి ఉందని చెప్పడం. ఏడాదికి ఒక్కసారే చేసే పండగ వంటను "తరచుగా" వండుతామని ఎవరూ అనరు, కానీ "ఆనవాయితీగా" వండుతాం. అలాంటి చోట పిజ్ వేస్తే అబద్ధమవుతుంది, రోడ్ వేస్తే సరిపోతుంది. ప్రతిరోజూ అని కచ్చితంగా చెప్పాలంటే విశేషణం పక్కనపెట్టి "హోచ్ జాజ్" అంటారు, హోచ్ అంటే ప్రతి, జాజ్ అంటే రోజు.

ఈ మాటలకు క్లింగాన్‌లో మామూలుకంటే బరువు ఎక్కువ, ఎందుకంటే క్రియకు కాలం లేదు. "షోప్" అంటే తిన్నాడు, తింటున్నాడు, తింటాడు, ఏదైనా కావచ్చు. పని ముగిసిందా, సాగుతోందా అన్నదే ప్రత్యయాలు చెబుతాయి, నిన్ననా రేపా అన్నది చెప్పవు. తెలుగులో దీనికి సగం దారి ఉంది. "వస్తాడు" అన్న రూపం "రేపు వస్తాడు"లో భవిష్యత్తు, "రోజూ వస్తాడు"లో అలవాటు. రేపు, రోజూ అన్న మాటలు తీసేస్తే ఏదో తేలదు. క్లింగాన్‌లో ప్రతి క్రియా ఈ "వస్తాడు" లాంటిదే, ఇంకా వదులుగా. అందుకే అలవాటును అలవాటుగా చూపించే భారం మొత్తం మోత్ల్, రోడ్, పిజ్ లాంటి చిన్న మాటల నెత్తిన పడింది.

చోటు విషయానికొస్తే, తెలుగు వాక్యం కర్త, కర్మ, క్రియ. క్లింగాన్ వరుస కర్మ, క్రియ, కర్త, ఇంగ్లిష్ వరుసకు (కర్త, క్రియ, కర్మ) పూర్తిగా అద్దంలో బొమ్మ. ప్రపంచ భాషల్లో చాలా అరుదైన వరుస కాబట్టే ఒక్రాండ్ దాన్ని కావాలని ఎంచుకున్నాడు. క్రియావిశేషణం వీటన్నిటికీ ముందు. క్లింగాన్ల సామెత ఒకటి చూస్తే తెలుస్తుంది:

"రూత్ యిహ్‌మెయ్ ఘోమ్ హోచ్."

రూత్ అప్పుడప్పుడు. యిహ్‌మెయ్ అంటే ట్రిబుల్స్, బొచ్చు ఉండల్లాంటి, ఆగకుండా పిల్లలు పెట్టే చిన్న ప్రాణులు, క్లింగాన్లకు వాటిని చూస్తే ఒళ్ళు మంట. ఘోమ్ అంటే ఎదురుపడటం, హోచ్ అంటే అందరూ. అందరికీ ఎప్పుడో ఒకప్పుడు ట్రిబుల్స్ ఎదురవుతాయి అని, అంటే తలనొప్పులు అందరికీ ఉండేవే అని. తెలుగు వరుసలో చెవికి అలవాటైనవాళ్ళు "హోచ్" ముందుకు లాగేస్తారు, అప్పుడు అర్థం మారిపోతుంది, "హోచ్ యిహ్‌మెయ్" కలిసి "అన్ని ట్రిబుల్స్" అయిపోతుంది. రూత్ మాత్రం మొదట్లోనే ఉంది కాబట్టి దానికేం కాదు.

దానికంటే ముందు రాగలిగేది ముఖ్యంగా కాలాన్ని చెప్పే మాట. అనుబంధంలోనే ఉదాహరణ ఉంది, "డాహ్‌జాజ్ నోమ్ షోప్‌పూ'", ఈరోజు గబగబా తినేశారు. ముందు "ఈరోజు", తర్వాత "గబగబా". మనమూ దాదాపు ఇలాగే అంటాం. "హోచ్ జాజ్"ను కూడా కాలపు మాటగానే చూసి ముందు పెడితే వాక్యం చక్కగా కూర్చుంటుంది.

"ఎప్పుడూ" అనే తెలుగు మాటతో వచ్చే చిక్కు

ఇక్కడ కాస్త నెమ్మదిగా వెళ్ళాలి. తెలుగులో "ఎప్పుడూ" ఒక్కటే మాట. "ఎప్పుడూ వస్తాడు" అంటే ఎల్లప్పుడూ, "ఎప్పుడూ రాడు" అంటే ఎన్నడూ. తేల్చేది క్రియ. క్రియలో వ్యతిరేకం ఉంటే నోత్, లేకపోతే రెహ్. అంటే తెలుగు చెవి వ్యతిరేకం కోసం వాక్యం చివరిదాకా ఎదురుచూస్తుంది.

క్లింగాన్‌లో ఆ వ్యతిరేకం మొదటి మాటలోనే పడిపోతుంది. "నోత్ కాలెఘ్" అంటే నిన్ను ఎన్నడూ చూడను. క్రియ అలాగే ఉంది, "చూస్తాను" అనే రూపంలోనే. తెలుగువాళ్ళకు ఇది సగం వాక్యంలా, ఏదో మర్చిపోయినట్టు అనిపిస్తుంది. అందుకని వ్యతిరేకపు తోక "-బె'" చేర్చి "నోత్ కాలెఘ్‌బె'" అని రాయాలనిపిస్తుంది. అప్పుడు అర్థం "చూడకుండా ఉండే ప్రసక్తే ఎన్నడూ లేదు", అంటే ఎప్పుడూ చూస్తూనే ఉంటాను! చెప్పాలనుకున్నదానికి సరిగ్గా ఎదురు. "నిన్ను జన్మలో చూడను" అని కోపంగా రాయబోయి ప్రేమలేఖ రాసినట్టవుతుంది.

రెహ్‌తో వ్యతిరేకం కలిపితే ఇంకో రకం. "రెహ్ కాలెఘ్‌బె'" అంటే చూడకపోవడమే ఎల్లప్పుడూ జరుగుతోంది. మరి "ఎప్పుడూ చూడనులే, కొన్నిసార్లే" అనాలంటే? "-బె'" క్రియకు చేరే ముక్క, దాన్ని రెహ్ మెడలో వేలాడదీయడానికి నిఘంటువులో దారి లేదు. సూటి మార్గం పదం మార్చడం, రెహ్ వదిలేసి "రూత్ కాలెఘ్" అనేయడం. సగం కాదు అని చెప్పడం కంటే ఎంత అవునో చెప్పడమే నయం.

"రెహ్" వ్యతిరేకం లేకుండా వచ్చే చోట ఏ ఇబ్బందీ లేదు. "రెహ్ 'ఎబ్ తూ'లూ'" అనే మాట క్లింగాన్ నేర్చుకునేవాళ్ళలో బాగా తిరుగుతుంది. అవకాశం ఎప్పుడూ ఉంటుంది అని.

"మళ్ళీ" విశేషణం కాదు, తోక

నేర్చుకునేవాళ్ళు క్రియావిశేషణాల జాబితాలో "మళ్ళీ" కోసం వెతుకుతారు. 1985 నిఘంటువులోని ఆ జాబితాలో అది లేదు, ఎందుకంటే ఆ పని క్రియా ప్రత్యయం "-కా'" చేస్తుంది. ఒక పని జరిగి, ఆగి, తిరిగి మొదలైందని దీని అర్థం. "కాలెఘ్‌కా'" నిన్ను మళ్ళీ చూస్తాను. "యికిప్‌కా'" మళ్ళీ కొట్టు. ఇక "ఇంకెప్పుడూ" అనాలంటే రెండు దారులూ కలుస్తాయి, "నోత్ కాలెఘ్‌కా'", నిన్ను ఇంకెన్నడూ చూడను. విశేషణం ముందు, తోక వెనక, మధ్యలో క్రియ.

క్లింగాన్ క్రియ వెనక ప్రత్యయాలు రైలు పెట్టెల్లా తొమ్మిది రకాలుగా, కచ్చితమైన వరుసలో చేరతాయి. ఒక రకం నుంచి ఒక్కటే. "-కా'" మూడో రకం. "మొదలైంది, మారింది" అని చెప్పే "-చోహ్" కూడా మూడో రకమే. అందుకే "మళ్ళీ మొదలుపెట్టాడు" అనడానికి రెంటినీ ఒకే క్రియకు తగిలించలేం. తగిలించే అవసరమూ లేదు, ఆగినది తిరిగి మొదలవడం "-కా'" అర్థంలోనే ఉంది. "హాడ్" అంటే చదవడం, "హాడ్‌కా'" అంటే ఆపేసిన చదువు మళ్ళీ పట్టాడు.

వ్యతిరేకపు "-బె'" మాత్రం ఈ వరుసకు కట్టుబడని ముక్క. ఎవరి వెనక నిలబడితే వాళ్ళని కాదంటుంది. నిఘంటువులో దీనికి ఓ ఉదాహరణ ఉంది, క్లింగాన్లకు తగ్గట్టే హింసాత్మకంగా. "చోహోహ్‌విప్‌బె'" అంటే నన్ను చంపడానికి నువ్వు భయపడటం లేదు, "చోహోహ్‌బె'విప్" అంటే నన్ను చంపకుండా ఉండటానికి భయపడుతున్నావు. ముక్కలు అవే, చోటు మారింది.

దీన్ని "-కా'"కు వర్తింపజేస్తే తెలుగులో ఉన్న ఒక పాత సందిగ్ధం విడిపోతుంది. "పనమ్మాయి మళ్ళీ రాలేదు." ఈ వాక్యానికి అర్థమేంటి? ఒకటి, ఆమె ఒకసారి వచ్చింది, ఆ తర్వాత రాలేదు. రెండు, మొన్న నాగా పెట్టింది, నిన్న వచ్చింది, ఇవాళ మళ్ళీ నాగా. మాట్లాడేటప్పుడు "మళ్ళీ" మీద ఒత్తిడి, మొహంలో విసుగు చూసి తెలుసుకుంటాం. వాట్సాప్‌లో రాస్తే తేలదు. "పావ్" అంటే చేరుకోవడం, రావడం. క్లింగాన్‌లో మొదటి అర్థానికి "పావ్‌కా'బె'", "మళ్ళీ రావడం" అనేది జరగలేదు. రెండో అర్థానికి "పావ్‌బె'కా'", "రాకపోవడం" మళ్ళీ జరిగింది. ఒక్క ముక్క జరిగితే గొడవ తీరిపోయింది. ఇలాంటి చోట కల్పిత భాష సహజ భాషకంటే శుభ్రంగా ఉంటుంది. అయితే ఆ శుభ్రత కాగితం మీదే. గబగబా మాట్లాడేవాళ్ళ చెవికి "కా'బె'", "బె'కా'" మధ్య తేడా అంత సులువుగా అందదు.

తెలుగు "మళ్ళీ"తో ఇంకో ప్రమాదం ఉంది, అది చేసే పనులు ఎక్కువ. "మళ్ళీ తింటాలే" అంటే తర్వాత తింటానని, ముందొకసారి తిన్నాడని కాదు. "మీ పేరేంటి మళ్ళీ?" అంటే మర్చిపోయానని మర్యాదగా ఒప్పుకోవడం. "మళ్ళీ కలుద్దాం" అంటే వీడ్కోలు. "-కా'" వీటిలో చివరిదానికి మాత్రమే కాస్త సరిపోతుంది. ముందు జరగని పనికి "-కా'" పెడితే జరిగిందని ఒప్పుకున్నట్టే. "మళ్ళీ తింటా"ను "-కా'"తో అంటే అవతలివాడు ప్లేటు వైపు చూసి "అయితే ఒకసారి తిన్నావా?" అని అడుగుతాడు.

సాగడం వేరు, మళ్ళీ జరగడం వేరు

"-తాహ్" అనే మరో తోకను కూడా కొందరు పునరావృతానికి వాడేస్తుంటారు. అది పని సాగుతోందని చెప్పేది, ఏడో రకం ప్రత్యయం. "బాత్ల్ డాకావ్‌లూ'తాహ్" అనే ప్రసిద్ధ వాక్యంలో అదే ఉంది, నిన్ను గౌరవంగా తలుచుకుంటూనే ఉంటారు అని. తెలుగు "-తూనే ఉండు"కు దగ్గర. "అడుగుతూనే ఉన్నాడు" అంటే ఆపకుండా ఒక్క ధారగా, "మళ్ళీ అడిగాడు" అంటే మధ్యలో ఒక ఆగడం ఉంది. ఆ ఆగడమే "-కా'"కు ప్రాణం, "-తాహ్"కు అది అక్కర్లేదు.

ఇదే "తాహ్" విడిగా క్రియ కూడా, కొనసాగడం, నిలవడం అని అర్థం. 1991లో వచ్చిన ఆరో సినిమాలో షేక్‌స్పియర్ ప్రసిద్ధ వాక్యాన్ని, ఉండటమా లేకపోవడమా అన్నదాన్ని, క్లింగాన్‌లో చెప్పించాల్సి వచ్చింది. "ఉండు" అనే క్రియే లేకుండా భాష కట్టిన ఒక్రాండ్‌కు దారి దొరికింది ఈ "తాహ్" దగ్గరే. "తాహ్ పాఘ్ తాహ్‌బె'", సాగడమా, సాగకపోవడమా.

తెలుగులో పదేపదే జరగడాన్ని చూపడానికి అన్నిటికంటే చేతికందే పరికరం మాటను రెట్టించడం. మళ్ళీ మళ్ళీ, అడిగి అడిగి, చెప్పీ చెప్పీ, పదేపదే, మాటిమాటికీ. క్లింగాన్ వ్యాకరణంలో రెట్టింపు అనే పద్ధతి లేదు. "చెప్పీ చెప్పీ నోరు నొప్పెట్టింది" అన్నదాంట్లోని విసుగును పిజ్, "-కా'" కలిపి దగ్గరదాకా తేవచ్చు, "పిజ్ జాత్ల్‌కా'", తరచుగా తిరిగి చెబుతాడు. సమాచారం అందుతుంది, నోటినొప్పి అందదు.

లెక్క, తోక కలిసినప్పుడు లెక్క దేన్ని కొలుస్తోందో జాగ్రత్తగా చూడాలి. "చా'లోఘ్ కాలెఘ్‌కా'పూ'" అంటే నిన్ను మళ్ళీ రెండుసార్లు చూశాను. మొదటి చూపుతో కలిపి రెండా, అది కాక రెండా? వాక్యం కట్టిన తీరు చూస్తే "మళ్ళీ చూడటం" అన్నదే రెండుసార్లు, అంటే మొత్తం మూడు. తెలుగు వాక్యాన్ని ఎవరినడిగినా రెండు జవాబులూ వస్తాయి. క్లింగాన్ రాసేవాళ్ళూ ఇక్కడ అనుమానం లేకుండా ఉండాలనుకుంటే "-కా'" వదిలేసి మొత్తం లెక్క వేసేస్తే గొడవ ఉండదు, "వెజ్‌లోఘ్ కాలెఘ్‌పూ'".

ఖాళీలు ఎందుకున్నాయి

ఈ ఏర్పాటు ఇలా ముక్కలుముక్కలుగా ఉండటానికి కారణం భాష పుట్టిన తీరులోనే ఉంది. సినిమాలో సంభాషణలకు సరిపడా మాటలు ముందు తయారయ్యాయి, నిఘంటువు వాటి చుట్టూ పెరిగింది. యుద్ధనౌక మీద పనికొచ్చేవి, ఎన్నడూ, త్వరలో, ఇప్పుడు, ఇంకా లేదు, తరచుగా లాంటివి, మొదట్లోనే చేరాయి. "నూటికో కోటికో", "అడపాదడపా", "విడతలవారీగా" లాంటి మెట్లు ఆ జాబితాలో లేవు. సహజ భాషలో ఇలాంటి ఖాళీ ఉంటే జనమే నింపేస్తారు. ఇక్కడ అలా కుదరదు, ఎందుకంటే మాట్లాడేవాళ్ళలో గట్టి పట్టుదల ఉన్నవాళ్ళు ఒక్రాండ్ చెప్పినదాన్నే ప్రమాణంగా తీసుకుంటారు. ఆయన వాడితే మాట, లేకపోతే ప్రతిపాదన.

అందుకే "చాలాసార్లు" అనే మామూలు తెలుగు మాట దగ్గర కూడా కొత్తవాళ్ళు ఆగిపోతారు. "లావ్'" అంటే ఎక్కువగా ఉండటం, చాలా ఉండటం. దానికి "-లోఘ్" తగిలిస్తే పనైపోతుందనిపిస్తుంది, చూడ్డానికి సహజంగానే ఉంటుంది. కానీ లావ్' క్రియ, అంకె కాదు. నిఘంటువు "-లోఘ్"ను అంకెలకు చెప్పింది, ఎన్ని అనే ప్రశ్నకు ఒక్రాండ్ విస్తరించాడు, క్రియకు విస్తరించడం మరో మెట్టు. పిజ్ ఉండగా ఆ మెట్టు ఎక్కాల్సిన పనిలేదు. "పిజ్ కాలెఘ్‌పూ'" అంటే చాలు, నిన్ను చాలాసార్లు చూశానన్నది ఎవరికైనా అర్థమవుతుంది. సున్నా "పాఘ్" నిజంగా అంకే కాబట్టి "పాఘ్‌లోఘ్" అనడానికి నియమం అడ్డురాదు. నోత్ ఒక మాట ఇచ్చినట్టుంటే, పాఘ్‌లోఘ్ ఎవరో నిజంగా కూర్చుని లెక్కపెట్టి సున్నా తేల్చినట్టుంటుంది.